గయానా అడవిలో ఒక రోజు

మన సంఘం పత్రికలో కాశీ యాత్రలు, రామేశ్వర యాత్రలు, బదరీ యాత్రలు ఎన్నో చదివాము. అవి వ్రాసినవారందరూ పుణ్యం సంపాదించుకుని వచ్చి వ్రాసినవారు. నేను వ్రాయబోయేది అటువంటిది కాదు. దక్షిణ అమెరికా ఖండంలో, భూమధ్యరేఖకు కాస్త ఎగువగా వున్న గయానా అనే దేశంలో, ఒక అడవిలో పగలంతా పిట్టలను చూసిన సంగతి. బరంపురంలో గుమాస్తా పని చేసుకునేవాడివి, అంత దూరం పిట్టలకోసం పోయావా అని మీరడగవచ్చును. పిట్టలకోసం పోలేదు. మా చెల్లెలి పురిటికి పోయాను.

నవ్వకండి. మా చెల్లెలి భర్త, సముద్రంలో చమురు తోడే ఓడలకు సామగ్రి అందించే ఒక కంపెనీలో స్టోర్సు చూస్తాడు. గయానా తీరానికి దూరంగా సముద్రగర్భంలో 2015లో చమురు బయటపడ్డది. 2019 చివరినుంచి తోడుతున్నారు. అప్పటినుంచి మనవాళ్లుకూడా ఒకరూ ఇద్దరూ అక్కడికి ఉద్యోగాలకు పోతున్నారు. 2023లో చెల్లెలు రెండవసారి కడుపుతో వున్నది. పురుడు పొయ్యడానికి అమ్మ వెళ్లవలె. అమ్మకు తెలుగూ ఒరియా తప్ప మూడవ భాష రాదు. విమానమన్నది మేడమీద వడియాలు పెడుతూ తలెత్తి చూచినదే. తోడు వెళ్లడానికి, ఇరవై రెండేళ్ల సర్వీసులో సెలవులు వాడుకోకుండా పోగువేసుకున్నవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. మూడు విమానాలు మారి, పగలేదో రాత్రేదో తెలియని స్థితిలో జార్జిటౌను చేరాము. మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక నడిచే దేశం. అమ్మకు వారంరోజులదాకా తెల్లవారుజామున రెండు గంటలకే మెలకువ వచ్చి, ఎవరికీ అక్కరలేని వేళ కాఫీ కాచేది.

ఆ దేశం మన ఒడిశాకంటె పెద్దది. జనం మాత్రం ఎనిమిది లక్షలు. మన గంజాం జిల్లా జనాభాలో నాలుగో వంతు లేరు. ఆ కొద్దిమందీ దాదాపుగా సముద్రపుటొడ్డునే కాపురముంటారు. లోపల నేలలో నూటికి 85 పాళ్లకు మించి అడవే. చెరకు తోటలలో కూలికి మనదేశంనుంచి మొదటి రెండు ఓడలు 1838 మే 5న అక్కడికి చేరినవట. 1917 వరకు మొత్తం రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలమందికి పైగా పోయారు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి పోయినవారు. చెన్నపట్నం రేవునుంచి పోయినవారిని అరవవారనీ తెలుగువారనీ చూడకుండా అందరినీ మద్రాసీలన్నారు. ఇప్పుడు వారి మునిమనుమలు ఇంగ్లీషు తప్ప మాట్లాడరు. కూరల అంగడిలో ఒక ముసలమ్మ అమ్మ చీరకట్టు చూసి, "మద్రాసీ?" అని అడిగి, తన ముత్తాతకూడా మద్రాసీయే అని చెప్పి, గుప్పెడు కరివేపాకు ఊరకే ఇచ్చింది. అమ్మ ఆమెతో తెలుగులో మాట్లాడింది. ఆమె అమ్మతో ఇంగ్లీషులో మాట్లాడింది. ఇద్దరికీ బాగానే అర్థమయినట్టుంది.

పురుడు సుఖంగా జరిగింది. ఆడపిల్ల. బారసాల అయిన మరునాడు మా బావ, "బావగారూ, మీరు వచ్చి నెలన్నర అయింది. ఆసుపత్రీ, కూరల అంగడీ తప్ప ఏమీ చూడలేదు. నాకు నాలుగు రోజులు సెలవున్నది. అడవికి పోదాము. మీ పెట్టెలో దుర్భిణీ వున్నది గదా!" అన్నాడు.

ఆ దుర్భిణీ సంగతి చెప్పవలె. అది మా నాన్నగారిది. ఆయన బడిపంతులు. చలికాలం వచ్చిందంటే ఆదివారంనాడు మమ్మల్ని రైలెక్కించి రంభ తీసుకుపోయేవారు. చిలికా సరస్సు దక్షిణపు కొసన ఎక్కడెక్కడి దేశాలనుంచో వచ్చి వాలిన బాతులనూ, కొంగలనూ, ఎర్రకాళ్ల ఉల్లంకులనూ ఆ దుర్భిణీలో వంతులవారీగా చూపించేవారు. టెక్కలి దగ్గర తేలినీలాపురం కూడా ఒకసారి తీసుకువెళ్లారు. గూడబాతులు ఊరివారి చింతచెట్లమీద కాపురాలు పెట్టి పిల్లలను పెంచుకుంటుంటే, ఊరివారు వాటిని పండుగకు వచ్చిన ఆడపడుచులలాగ చూసుకుంటారు.

నాన్నగారికి నలభై అయిదో యేట చెవుడు మొదలయింది. పిల్లలు వెనుక బెంచీలలోనుంచి ఏవో మాటలు అనేవారు. ఆయన "ఆఁ, బాగుంది" అనేవారు. క్లాసంతా నవ్వేది. ఒక సంవత్సరం నేనూ ఆ క్లాసులోనే వున్నాను. నేనూ నవ్వాను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మూడేళ్లుగా నా ఎడమచెవి పనిచెయ్యడం తగ్గిపోతూ వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో పై అధికారి నాకు ఎడమవైపున కూర్చుంటారు. రెండుసార్లు పిలిచినా పలకలేదనీ, పొగరనీ నన్ను జనంతో మాట్లాడే బల్లనుంచి తీసి రికార్డు గదికి మార్చారు. ఒక్క మాట చెప్పివుంటే సరిపోయేది. కాని పొగరుబోతు అన్న పేరు చెవిటివాడన్న పేరుకంటె నాకు గౌరవంగా తోచింది.

సరే, అడవికి పోదాము.

జార్జిటౌనునుంచి ఇవోక్రామా అడవికి దారి బాగుంటుందని చెప్పను. లిండెను పట్టణం దాటిన తరువాత ఎర్రమట్టి రోడ్డు, గోతులు, రెండువైపులా ఒకే తీరు చెట్లు. కురుపుకారి అనేచోట ఎస్సెక్విబో నదిని పంటుమీద దాటాము. వ్యానుకూడా మాతోపాటే పంటెక్కింది. చాలా పెద్ద నది. నీళ్లు కాఫీ డికాక్షను రంగు. ఆకులు నాని నాని అలా అవుతాయట. ఆ అడవి కథకూడా వింతయినది. 1989లో ఆ దేశాధ్యక్షుడు డెస్మండ్ హోయ్ట్ కామన్వెల్తు దేశాల సభలో, మా అడవిలో ఇంత ముక్క లోకంకోసం యిస్తున్నాము, అడవిని చెడగొట్టకుండా వాడుకోవడమెలాగో అక్కడ నేర్చుకోండి అన్నాడు. 1996లో చట్టం చేశారు. ఆ "ముక్క" మూడు లక్షల డెబ్బై ఒక్క వేల హెక్టార్లు! ఆ చుట్టుపట్ల మకూషీ జాతివారి ఊళ్లున్నవి. అడవిలో దారి చూపేవారిలో చాలామంది వాళ్లే.

మేము దిగిన బస అడవి నడుమ చదును చేసిన చోట నాలుగు గదులు, ఒక వంటశాల. మాతోపాటు ఒక ముసలి ఇంగ్లీషు దంపతులున్నారు. మాకు దారి చూపడానికి వచ్చిన మకూషీ అబ్బాయికి ముప్పై యేళ్లుంటాయి. మోకాళ్లదాకా రబ్బరు జోళ్లు, మెడలో దుర్భిణీ. అక్కడివారి అలవాటు ప్రకారం నన్ను "అంకుల్" అన్నాడు.

మరునాడు నాలుగున్నరకు లేపాడు. చీకటి. బస ముందర గడ్డిలో నెమలికంటె కాస్త చిన్నవి, నల్లని కోళ్లవంటి పక్షులు రెండు, మనుష్యులను లెక్కచెయ్యకుండా తిరుగుతున్నవి. పొట్ట కింద తెలుపు. పోవిస్ అంటారు అక్కడివాళ్లు. వాటిలో ఒకటి మూసిన నోటితో ఏదో మూలిగింది. కుండలో ఊదినట్టు లోతయిన శబ్దం. అది నాకు వినబడ్డది. వినబడ్డదని సంతోషించాను. దూరాన ఎర్రకోతులుకూడా మొదలుపెట్టినవి. పేరుకే కోతులు, గొంతుమాత్రం సింహానిది. తుఫాను వచ్చేముందు గోపాలపురం సముద్రం హోరులాగ వుంటుంది. అదీ వినబడ్డది. అయితే నాకు అన్ని శబ్దాలూ కుడివైపునుంచే వస్తాయి. రెండు చెవులూ సమంగా వుంటేనే శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో తెలుస్తుంది. ఈ సంగతి అప్పటికి నేను ఎక్కడా చదవలేదు. అనుభవంమీద తెలుసుకున్నాను.

చెట్లమధ్య కొండెక్కి, అక్కడినుంచి తాళ్లవంతెన ఎక్కాము. చెట్లకు కట్టిన ఇనుప తాళ్లమీద సన్నని నడవ. నేలకు సుమారు 30 మీటర్ల ఎత్తు. ముక్కలన్నీ కలిపి నూట యాభై మీటర్ల పైచిలుకు పొడవు. నడుమ నడుమ నిలబడడానికి చెట్ల చుట్టూ బల్లలు. నడుస్తుంటే వూగుతుంది. నేను రెండు చేతులా వల పట్టుకుని, "ఆంజనేయస్వామీ" అనుకుంటూ దాటాను. ఇంగ్లీషు ముసలాయన నావెనుక ఈలవేసుకుంటూ దాటాడు.

తెల్లవారింది. చెట్ల తలలమీద పొగమంచు పాలు పొంగినట్టు వున్నది. ఎంత దూరం చూసినా పొలంగాని, గుడి గోపురంగాని, కరెంటు స్తంభంగాని లేదు. ఉదయం మొదట వచ్చినవి మకావులు. మన రామచిలుకలే, కాని డేగంత పెద్దవి. జంటలు జంటలుగా, ఎర్రని వొంట్లు, రెక్కలమీద ఆకుపచ్చా నీలమూ, పెళ్లికి ఆలస్యమయినట్టు తగవులాడుకుంటూ ఎగిరిపోయినవి. తరువాత టూకాను వచ్చి ఒక ఎండుకొమ్మమీద కూర్చున్నది. దాని ముక్కు దాని వొంటికి ఎవరో తప్పుగా అతికించినట్టుంటుంది. అంత ముక్కు ఎలా మోస్తుందా అంటే, లోపల గుల్ల, తేలిక. ఆ జాతిలో పెద్దదానిని పరీక్షించి, వేడెక్కినప్పుడు ఆ ముక్కులోకి నెత్తురు ఎక్కువగా పంపి వొళ్లు చల్లార్చుకుంటుందని 2009లో కనిపెట్టారట. ఎర్ర విసనకర్ర చిలుక అని ఇంకొకటి. మెడవెనుక ఎర్రని ఈకలు, నీలం అంచుతో విసనకర్రలాగ విప్పి మూసింది. యక్షగానంలో కిరీటం సవరించుకున్న వేషగాడిలా వున్నది.

ఇక్కడ పక్షిని చూడడానికీ, మన చిలికాలో చూడడానికీ పోలికే లేదు. చిలికాలో పక్షిని చూడడమంటే లెక్కపెట్టడం. వేలకు వేలు, నీటిమీద ఎదురుగా కనబడతాయి. ఈ అడవిలో ఒక్కొక్క జాతీ కొద్ది కొద్దిగా వుంటుంది. ఈ ఒక్క అడవిలో అయిదువందల జాతులకు పైగా వున్నవట, ఒక్కటీ కనబడదు. అన్నీ ఆకులచాటున వుంటాయి. పక్షి ముందు చెవికి దొరకవలె, తరువాతనే కంటికి. మా మకూషీ అబ్బాయి కళ్లు మూసుకునికూడా చెప్పేవాడు: అదుగో చీమపిట్ట, ఇదుగో వడ్రంగిపిట్ట, అవతల పేరు తెలియనిది కాదు, పేరు చాలా పొడవయినది, తరువాత చెప్తాను.

"విన్నారా అంకుల్?" అనేవాడు.

నేను తల వూపేవాణ్ణి.

మొదటిసారి మర్యాదకు వూపాను. రెండవసారి మొదటిది బయటపడకుండా వూపాను. తరువాత లెక్కలేదు. సన్నని గొంతులన్నీ నాకు నిశ్శబ్దమే. బావ మొహం వెలిగిపోతున్నది. ఇంగ్లీషు ముసలమ్మ ప్రతిదానికీ పుస్తకంలో గీత గీస్తున్నది. ఆమె మధ్యలో ఆగి, చెవి వెనుకనుంచి చిన్న యంత్రం తీసి, దాని పొట్ట తెరిచి, చెరుకుగింజంత బ్యాటరీ మార్చి, మళ్లీ తగిలించుకున్నది. కళ్లజోడు తుడుచుకున్నట్టే చేసింది. ఎవరూ చూడలేదు. నేనుమాత్రం ఆమె బదులు సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకున్నాను.

అప్పుడే ఆ అబ్బాయి, "ఏ వైపో చెప్పండి అంకుల్, చూద్దాం" అన్నాడు సరదాగా.

నేను కుడివైపు చూపించాను. అందరూ ఎడమవైపు చూస్తున్నారు.

ఎవరూ ఏమీ అనలేదు. బావ కెమెరా సవరించుకున్నాడు. ఆ అబ్బాయి నావంక ఒక్క క్షణం చూసి, మాట మార్చాడు. నాకు క్లాసులో నిలబడ్డ నాన్నగారు కనబడ్డారు.

తొమ్మిది గంటలకు వంతెన దిగి అడవిబాట పట్టాము. లోపల వెలుతురు తక్కువ. గాలి తడిగుడ్డలాగ మొహానికి తగులుతుంది. ఇక్కడ ఒక పక్షి అరుపు నాకూ వినబడ్డది. పోలీసువాడు చెవి దగ్గర విజిలు వేసినట్టు మూడు ముక్కల అరుపు. దానిని కూతపెట్టే పీహా అంటారు. సినిమాలలో ఏ అడవి చూపించినా ఈ పక్షి గొంతే పెడతారట, ఆ అడవి ఏ ఖండంలోదయినా సరే! పక్షిని చూపిస్తే ఆశ్చర్యపోయాను. గోరింకకంటె కొంచెం పెద్దది, బూడిదరంగు, గుమాస్తా చొక్కాలాగ వున్నది. ఇంగ్లీషాయన చెప్పాడు: లోకంలో దీనికంటె గట్టిగా అరిచేది ఒక్కటే, తెల్ల గంటపిట్ట. దాని గొంతు 125 డెసిబెల్సుదాకా వస్తుందని 2019లో కొలిచి ప్రకటించారు. అదికూడా ఈ దేశపు కొండలలో వున్నది. ఆడపక్షి పక్కన వాలినప్పుడు మగది ఆమె మొహంలో మొహం పెట్టి అలా అరుస్తుందట. ఆ రోజు మాకు అది తగల్లేదు. తగిలితే నాకు మేలే జరిగేది కాబోలు.

నేను ముందు నడుస్తున్నాను. ఆ అబ్బాయి ఎడమవైపు వెనుకగా వున్నాడు. "ఆగండి, చీమలు!" అన్నాడట. మూడుసార్లు అన్నాడట. నేను నడుస్తూనే వున్నాను.

సైనిక చీమలు. అవి పుట్ట కట్టుకుని ఒకచోట కూర్చునే రకం కాదు. లక్షల లెక్కన దండు కట్టి అడవి నేలమీద పరచుకుంటూ పోతాయి. వాటిముందు పురుగూ బొద్దింకా సాలీడూ అన్నీ పరుగెత్తవలసిందే. ఆ పరుగెత్తే పురుగులను తినడానికి కొన్ని పిట్టలు దండువెంటనే ప్రయాణం చేస్తాయి. చీమలను తినవు, చీమలు లేపిన భోజనాన్ని తింటాయి. ఇంత శాస్త్రం నాకు తరువాత తెలిసింది. అప్పటికి తెలిసినది, నా లాగులోపల మోకాలిదాకా నిప్పులు పోసినట్టయింది అన్నంతవరకే. గంతులు వేశాను. బావ వచ్చి నన్ను జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ కలిసి ఒక్కొక్క చీమనూ పీకారు. తల తెగినా పట్టు వదలవు. ఇంగ్లీషు ముసలమ్మ పెద్దమనిషి తరహాగా అటు తిరిగి నిలబడింది.

సద్దుమణిగాక వాళ్లంతా పిట్టలను ఫోటోలు తియ్యడంలో పడ్డారు. తెల్లని గడ్డమూ తెల్లని కొప్పూ పెట్టుకున్న చిన్న పిట్టలు, కింది వొళ్లు ఇటుకరంగు, నిలువు పుల్లలు పట్టుకుని చీమలమీద వేలాడుతున్నవి. ఎంతో అందంగా వున్నవి. నేను ఒక పడిపోయిన మానుమీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటున్నాను. ఆ అబ్బాయి వచ్చి నా కుడివైపు కూర్చున్నాడు. కావాలనే కుడివైపు కూర్చున్నాడు.

"ఏ చెవి అంకుల్?" అన్నాడు.

నేను కాసేపు వూరుకున్నాను. తరువాత, "ఎడమది" అన్నాను.

"ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు. కుడిదికూడా అనుమానమే."

మూడేళ్లలో ఆ మాట మొదటిసారి నోట వచ్చింది. అదీ తెలుగులో కాదు, ఒరియాలో కాదు. బరంపురానికి సగం భూమి అవతల, చీమలు కరిచిన కాళ్లతో, పేరుతప్ప ఏమీ తెలియని కుర్రవానితో, ఇంగ్లీషులో చెప్పాను. అతను అయ్యో అనలేదు. "మా తాతకూ అంతే. తుపాకీవల్ల పోయింది. వేట మానలేదు. గాలి లేనప్పుడు కదిలే ఆకును చూడమనేవాడు. గాలికి చెట్టంతా కదులుతుంది, పిట్టకు ఒక్క ఆకు కదులుతుంది" అన్నాడు. కాస్త ఆగి, "రండి, మీకు వినబడే పిట్ట ఒకటి వున్నది" అని లేచాడు.

అరగంట నడిచాము. ముందు నేనే విన్నాను. నేను విన్నానని నమ్మలేక ఆగిపోయాను. అడవిలో ఆవు అరుస్తున్నది. తప్పిపోయిన దూడకోసం సాయంకాలం కొట్టంలో ఆవు అరిచినట్టే, మొదట గుర్రుమని, తరువాత దీర్ఘంగా "అంబా" లో చివరి అక్షరాన్ని లాగినట్టు. అవతల ఇంకొకటి జవాబు చెప్పింది. ఆ అబ్బాయి నావంక చూసి నవ్వుతున్నాడు.

అది ఆవు కాదు. కాకిపాటి పక్షి. గోధుమ ఎరుపు వొళ్లు, ఈకలులేని బూడిదరంగు బోడితల, మెడచుట్టూ ఈకలు ముసుగులాగ. పూర్వం ఐరోపాలో సన్యాసులు అటువంటి ముసుగులు వేసుకునేవారట, అందుకని కపూచిన్ పక్షి అన్నారు. కొందరు దూడపిట్ట అనికూడా అంటారు. మగవి అయిదారు ఒకే చెట్టు చుట్టూ చేరి వంతులవారీగా అరుస్తాయి. అరిచేముందు నడుం వంచి, ఊపిరి పీల్చి, ఉబ్బి, నిటారుగా లేచి నిలబడుతుంది. తోకకు అటూయిటూ నారింజరంగు ఈకల బంతులు రెండు పొంగుతాయి. అదంతా అయ్యాక, ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలుగా కూర్చుంటుంది. ఆడపక్షి ఇవన్నీ చూసి ఒకదానిని వరిస్తుంది. స్వయంవరమే. ఎవరికి మంచి గొంతూ, మంచి కొమ్మా వుంటే వారికి.

నేను అక్కడ గంటకు పైగా నిలబడ్డాను. ఒకదాని గొంతు ఎక్కడ మొదలయి ఎక్కడ ఆగుతుందో, రెండవది ఎంతసేపటికి అందుకుంటుందో, అంతా విన్నాను. ఎవరూ "విన్నారా?" అని అడగలేదు. దుర్భిణీ దింపి మళ్లీ ఎత్తడానికి చేతులు నొప్పిపుట్టినవి. ఆ దుర్భిణీ అద్దంలో ఒక మూల బూజు పట్టింది. నాన్నగారు ఆ మూలను తప్పించి చూడడానికి తల కొంచెం వంచేవారు. నేనూ అలాగే వంచి చూస్తున్నానని అప్పుడు గ్రహించాను.

మధ్యాహ్నం వాన. ఊరికే వాన కాదు, బిందెలతో కుమ్మరించడం. భోజనానికి అన్నం, చిక్కుడు గింజల కూర, కర్రపెండలం రొట్టె. ఆ కర్రపెండలంలో ఒక రకం చేదుది, విషం. తురిమి, పొడవాటి అల్లిక గొట్టంలో కూరి పిండి, ఆ రసం పోగొట్టి తినవలె. పిండిన రసాన్నికూడా పారవెయ్యక బాగా మరిగించి నల్లని పాకం చేసి కూరల్లో పోస్తారు. విషాన్నికూడా మరిగించి వంటకానికి వాడుకునేవారిని చూసి అమ్మకు చెప్పవలెననుకున్నాను. ఆమెకు ఇటువంటివి ఇష్టం.

నాలుగు గంటలకు వాన వెలిసి, మళ్లీ తాళ్లవంతెన ఎక్కాము. ఈసారి ఆంజనేయస్వామిని తలచుకోవడం మరచిపోయాను. అందరూ పిట్ట గొంతులకోసం చెవి ఒగ్గి వున్నారు. నాకు ఆ పని లేదు గదా, ఆకులను చూస్తూ నిలబడ్డాను. గాలి లేదు. దూరాన ఒక ఎత్తయిన చెట్టు శిఖరాన ఒక రెమ్మ కదిలింది. దుర్భిణీ ఎత్తాను. అంత నీలం నేను చీరలమీదకూడా చూడలేదు. మన బరంపురం పట్టు నేతగాళ్లు చూస్తే ఆ రంగుకోసం దారం మరిగిస్తూ కూర్చుంటారు. ఆకాశనీలం వొళ్లు, నల్లని మచ్చలు, గొంతు కింద ద్రాక్షరంగు. పాట లేదు, అరుపు లేదు.

"అదుగో" అన్నాను తెలుగులోనే.

ఆ అబ్బాయి నా చేతి దిక్కుకు చూసి, "కొటింగా! మచ్చల కొటింగా!" అని అందరినీ పిలిచాడు. అది నోరు మెదపని పక్షి అట. అందుకే చెవులు వున్నవారికి దొరకలేదు. ఇంగ్లీషు ముసలమ్మ నా భుజం తట్టి, దానికోసం తాము మూడు రోజులుగా చూస్తున్నామన్నది. అప్పుడు ఆమె చెవియంత్రం దగ్గరగా చూశాను. చాలా చిన్నది.

రాత్రి లాంతరు దగ్గర ఆ అబ్బాయి ఆ రోజు జాబితా చదివాడు. అరవై ఒక్క జాతులు. నాకు ఒక కాపీ వ్రాసి ఇచ్చాడు. నేను చూసినవాటి పక్కన ఒక టిక్కు, విన్నవాటి పక్కన ఒక సున్నా పెట్టుకున్నాను. టిక్కులు ముప్పై నాలుగు. సున్నాలు అయిదు. ఆఫీసు అలవాటు ప్రకారం కింద గీత గీసి కూడిక వేశాను.

బావ వరండాలో కూర్చుని వున్నాడు. నేను వెళ్లి, అతనికి కుడివైపున కాక ఎడమవైపున, అంటే నా కుడిచెవి అతనివైపు వుండేలాగ కూర్చుని, చెప్పాను. అతను వింటూ తల వంచుకున్నాడు.

"మీ చెల్లెలికి రెండేళ్లుగా తెలుసు బావగారూ. ఫోను ఎప్పుడూ కుడివైపే పెట్టుకుంటారని. మీరే చెప్తే బాగుంటుందని వూరుకున్నది."

జార్జిటౌను తిరిగి వచ్చాక అమ్మకు చెప్పాను. పసిదానికి నూనె రాస్తున్నది. చెయ్యి ఆపలేదు. "మీ నాన్న నాకు చెప్పడానికి ఆరేళ్లు పట్టింది. నువ్వు మూడేళ్లకే చెప్పావు. వేడినీళ్లు తీసుకురా" అన్నది. చెల్లెలు మాత్రం ఏడ్చి, పోట్లాడి, విశాఖపట్నంలో డాక్టరు పేరు కనుక్కుని కాగితంమీద వ్రాసి నా జేబులో పెట్టింది. కర్రపెండలం విషం సంగతి అమ్మకు ఆ సాయంకాలం చెప్పాను. మూడుసార్లు చెప్పించుకున్నది.

2024 జనవరిలో విశాఖపట్నం పోయాను. అద్దాలగదిలో కూర్చోబెట్టి, చెవులకు గొట్టాలు తగిలించి, శబ్దం వినబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. గీత గీసిన కాగితం ఇచ్చారు. లోతయిన శబ్దాల దగ్గర గీత బాగానే వున్నది. సన్నని శబ్దాలవైపు పోయేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోయింది, ఎడమచెవిది మరీను. కుడిచెవికికూడా దిగుడు మొదలయింది. ఒక చెవి ఎక్కువ, ఒకటి తక్కువ వున్నందుకు ఇంకా కొన్ని పరీక్షలు చేయించారు. భయపడవలసినది లేదన్నారు. యంత్రం పెట్టుకోవలసినదే అన్నారు. ఆఫీసులో మెడికలు కాగితం ఇచ్చాను. అధికారి చదివి, కళ్లజోడు తీసి, "మరి చెప్పలేదేమండీ?" అన్నారు. మళ్లీ నన్ను పాత బల్లకు మార్చారు, ఈసారి ఆయనకు ఎడమపక్కన.

డాక్టరు కుర్రవాడు. "ఎటువంటి శబ్దాలు వినబడడంలేదో వివరంగా చెప్పగలరా?" అని అడిగాడు. నేను జేబులోనుంచి జాబితా తీసి బల్లమీద పెట్టాను. అరవై ఒక్క పక్షులు, టిక్కులు, సున్నాలు, కింద కూడిక. ఆయన మొదట నవ్వాడు. తరువాత నవ్వడం మాని, కుర్చీ దగ్గరకు లాక్కుని, ఒక్కొక్కటి చదువుతూ, ఇది సన్నగా అరుస్తుందా, ఇది లావుగానా అని అడగడం మొదలుపెట్టాడు. ఆవులా అరిచేది ఏదన్నాడు. చూపించాను. ఎలా అరుస్తుందన్నాడు. నడుం వంచి, ఊపిరి పీల్చి, అరిచి చూపించాను. బయట వరుసలో కూర్చున్నవాళ్లు తలుపు తీసి చూశారు.